నేరేడు పండ్లను ఐసులో దాచిన ఏడాది

నా బిడ్డ మొదటి పుట్టినరోజు మా ఇంట్లో జరగలేదు. ఆడపిల్లకు అంత ఆర్భాటం ఎందుకని అత్తమ్మ అన్నది, మా ఆయన సరేనన్నాడు. బావగారి కొడుక్కి మాత్రం అంతకు ముందే వాకిట్లో పందిరి వేసి, కర్నూలు నుంచి కేకు తెప్పించారు. అందుకే రెండో పుట్టినరోజుకు కేకు నేనే చేయాలని, అది కూడా బిడ్డ ప్రాణం పెట్టే నేరేడు పండ్లతో చేయాలని మొండిపట్టు పట్టాను. చిక్కంతా ఒకటే. నేరేడు పండ్లు వానలు మొదలైనప్పుడు వస్తాయి. బిడ్డ పుట్టింది బతుకమ్మ పండుగ రోజుల్లో. అప్పటికి వనపర్తి మొత్తం వెతికినా ఒక్క పండు దొరకదు.

హాస్టల్లో ఉన్నప్పుడు కుక్కర్లో ఇసుక పోసి కేకు చేయడం నేర్చుకున్నాను. పండ్లను దాచే పద్ధతి ఒక వారపత్రికలో చదివాను. సోమశిల దిక్కు నుంచి గంప మోసుకొచ్చే ఆమె దగ్గర మంచివి ఏరి తీసుకున్నాను. కడిగి, పాత చీర మీద తడి లేకుండా ఆరబెట్టాను. గింజలు తీసేశాను. స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్‌లో పెట్టాను. గోలీల్లా గట్టిపడ్డాక డబ్బాలో పోసి పైన మూత పెట్టాను. ముందే డబ్బాలో పోస్తే అన్నీ కలిసి ఒకే ముద్దవుతాయి.

గింజలను అత్తమ్మ తన షుగరు జబ్బుకు పొడి కొట్టుకుంటానని చాటలో ఎండబెట్టుకున్నది. పండ్ల సంగతి మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

"ఐసుల పెట్టేది పీనుగునే. తినే పండును పెడ్తరా ఎవరన్న?" అన్నది పక్కింటి వదినతో, నాకు వినబడేలా. "డిగ్రీ సదివిన కోడలు. గిట్లనే ఉంటది."

వదిన నవ్వింది. నేను కూడా నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

మా ఇంట్లో ఫ్రిజ్‌కు ఒక నియమం ఉండేది. ఒకసారి ఓల్టేజి తక్కువై మోటారు కాలిపోయిందని, కరెంటు పోగానే స్విచ్చి ఆపేవాళ్ళం, వచ్చాక కాసేపు ఆగి వేసేవాళ్ళం. మా ఆయన ఉద్యోగం గద్వాలలో, శనివారం వచ్చేవాడు. కాబట్టి ఆ పని ఎప్పుడూ నాదే. నెలలో మూడు రోజులు తప్ప. ఆ మూడు రోజులు నేను వెనక వరండాలో చాప మీద కూర్చోవాలి, ఇంట్లో దేన్నీ ముట్టకూడదు. బిడ్డ నా దగ్గరికి రావాలంటే ఒంటి మీద బట్ట ఉండకూడదు. బట్టకే మైల అంటుతుందట, ఒంటికి అంటదట.

శ్రావణంలో అలా కూర్చున్న రెండో రోజు, పొద్దున్నే కరెంటు పోయింది. అత్తమ్మ స్విచ్చి ఆపింది. మధ్యాహ్నం ఫ్యాను తిరగడం మొదలైంది. గుమ్మంలోంచి నాకు ఫ్రిజ్, దాని పక్కన గోడకున్న స్విచ్చి కనబడుతూనే ఉన్నాయి.

"అత్తమ్మా, కరెంటొచ్చింది. జర ఫ్రిజ్ స్విచ్చెయ్యుండ్రి."

"మోకాళ్ళు గుంజుతున్నయే. లేస్తా తియ్."

కాసేపటికి లేచింది. ఫ్రిజ్ ముందు నుంచే వంటింట్లోకి పోయింది, మంచినీళ్ళు తాగి మళ్ళీ దాని ముందు నుంచే వచ్చి కూర్చున్నది. నేను ఇంకోసారి అడిగాను.

"మూడు దినాలు నిన్ను ఒక్కదాన్నే గాదు, నీ నోటిని గూడ మూలకు కూసోమనాలె."

ఫ్రిజ్ తలుపు కింది నుంచి ఊదారంగు నీళ్ళు సన్నగా బండల మీదికి వచ్చాయి. ఆమె తల వంచి చూసింది.

"సూడు, నీ పీనుగు కరుగుతుంది" అని, చీర సర్దుకుని పక్కింటికి పోయింది.

ఇంట్లో నేను, బిడ్డ మాత్రమే మిగిలాం. లేచి ఆరడుగులు వేస్తే స్విచ్చి. రసాయనశాస్త్రం చదివిన దాన్ని, నా వేలు తగిలితే ఫ్రిజ్‌కు ఏమీ కాదని నాకు తెలుసు. అయినా లేవలేదు. ఆమె తిరిగొచ్చి ఎలాగో కనిపెడుతుందని భయం. బిడ్డను పిలిచాను.

"తల్లీ, ఆ స్టూలెక్కు. పైన నల్లది ఉంది సూడు, నొక్కు."

ఇంకా రెండేళ్ళు నిండలేదు. నవ్వుకుంటూ ఎక్కింది. చేయి అందలేదు. "ఇంకొంచెం, ఇంకొంచెం" అన్నాను. మునివేళ్ళ మీద లేచింది. స్టూలు ఒరిగింది. గడ్డం ఫ్రిజ్ పిడికి కొట్టుకుని చీలింది.

అప్పుడు లేచాను. అప్పుడు అన్నీ ముట్టుకున్నాను. ఫ్రిజ్, గోడ, అలమారలోని ఉతికిన బట్టలు, అన్నీ. ఏడుపు విని అత్తమ్మ పరుగున వచ్చింది, మోకాళ్ళ నొప్పి లేకుండా. గుమ్మంలో ఆగి మొదట అన్న మాట, "ఫ్రిజ్ను ముట్టినవా?"

తర్వాత రక్తం చూసింది. "పిల్లను ఎవరెక్కిచ్చిండ్రు?"

ఆమె చూపు పడిపోయిన స్టూలు మీంచి నా చాప మీదికి పోయింది. నేను బిడ్డను ఎత్తుకుని పరుగెత్తాను. దవాఖానలో కుట్లు వేస్తుంటే బిడ్డ చేతులు నేనే గట్టిగా పట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా పసుపునీళ్ళు చల్లి ఉంది. పండ్ల డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది. మురికినీళ్ళ మోరీలో పండ్లు మెత్తబడి తేలుతున్నాయి. ఆ నెలంతా ఆమె మోకాళ్ళకు నూనె కాచి ఇమ్మంటే వినబడనట్టు నడిచాను. ఆమె మూలుగుతుంటే నాకు హాయిగా ఉండేది.

పుట్టినరోజు జరిగింది. మా ఆయన గద్వాల బేకరీ నుంచి క్రీము కేకు తెచ్చాడు. బిడ్డ క్రీము నాకి ఉమ్మేసింది. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చారు. నేను ముక్కలు పళ్ళేలలో పెట్టి ఇస్తున్నాను. పక్కింటి వదిన బిడ్డ గడ్డం పట్టుకుని చూసింది.

"గీ గాటేంది అత్తా, గింత లోతున్నది? ఆడపిల్ల మొఖం."

అత్తమ్మ బిడ్డను ఒళ్ళోకి లాక్కుని జుట్టు సవరించింది.

"నన్నెందుకడుగుతవ్? దాని తల్లినడుగు. చాప మీద కూసోని పసిదాన్ని స్టూలెక్కిచ్చింది, పండ్ల కోసం."

అందరూ నావైపు చూశారు. మా ఆయన కూడా. అంతకు ముందు నేను ఆయనకు బిడ్డే తనంతట తాను ఎక్కిందని చెప్పాను.

"నిజమేనా?" అన్నాడు.

"నిజమే" అని, చేతిలో ఉన్న పళ్ళెం వదినకు అందించాను. ఆమె తీసుకోలేదు.