ఆదివారం మేత

ఆదివారం ఉదయం ఏడూ ఇరవైకి ల్యాబ్‌లో కణాలు పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీశాను. పళ్లేల్లోని గులాబీ రంగు ద్రవం పసుపు తిరిగింది. అందులోని పోషకాలన్నీ కణాలు తినేశాయన్నమాట. పాతది తీసి కొత్తది పోస్తుంటే వరండాలో చెప్పుల చప్పుడైంది. మేడమ్‌కి చోటివ్వడానికి పక్కకు జరిగాను. వచ్చింది వాచ్‌మన్. నా పీహెచ్‌డీ గైడ్ మేడమ్ పోయి అప్పటికి నెల.

ఆమెది సేద్యం చేసిన ఇల్లు. ఈ పనిని మేత అనేవారు. ఆదివారాలు నాంపల్లి స్టేషన్ వెనక ఉన్న మా ల్యాబ్‌కి తనే వచ్చి మేత వేసి, పాత పుస్తకాల కోసం నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల దాకా నడిచేవారు. ఒక రోగి రొమ్ము క్యాన్సర్ గడ్డ నుంచి ఆ కణాలను పెంచింది ఆమే. ఆ రోగి ఎప్పుడో చనిపోయింది. కణాలు బతికే ఉన్నాయి.

ఆమె దవాఖానలో ఉన్న రోజుల్లోనే నేను థీసిస్ ఇచ్చేశాను, నా స్టైపెండ్ ఆగిపోయింది. పీహెచ్‌డీ తర్వాత పరిశోధనలో నిలవాలంటే ఒక ఫెలోషిప్ రావాలి. రాకపోతే ఏదో డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ఉద్యోగమే. కానీ ఆ ఫెలోషిప్ కావాలంటే వేరే ల్యాబ్‌కి మారాలి, వేరే పరిశోధనాంశం ఎంచుకోవాలి, అదీ షరతు. కణాలను వదిలి వెళ్లనన్నాను. దవాఖాన మంచం మీద మేడమ్ నవ్వారు.

"గవేమన్న బర్లా, నువ్వు లేకుంటే అరవనీకి? నా కణాలు పట్టుకొని కూసుంటే నీకు పైసలెవరిస్తరు బిడ్డా? పోయి నీ పని నువ్వు షురూ జెయ్."

దరఖాస్తు పంపాను. ఇంటర్వ్యూ పిలుపు వచ్చేసరికి ఆమె లేరు.

ఇంటర్వ్యూ గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసు మూడో అంతస్తులో. కొత్త పని గురించి బాగానే చెప్పాను. చివర్లో, ప్రశ్నలడిగేవాళ్లలో ఒక పెద్దాయన, నేను వెళ్లిపోతే ఆ పాత కణాలను ఎవరు చూసుకుంటారని అడిగారు.

"మేడమ్ ఉన్నారు కదా సర్" అన్నాను.

 మేడమ్ అంత్యక్రియల రోజు ఆ పెద్దాయన నా పక్కనే నిలబడ్డారు. సరిదిద్దుకోవాలని నోరు తెరిచేలోపే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఔ, ఆమె చూసుకుంటది లేమ్మా" అన్నారు.

ఫెలోషిప్ వచ్చింది. వెళ్లేముందు ఆ కణాలను చిన్న గొట్టాల్లో పోసి ద్రవ నైట్రోజన్‌లోకి దించాను. ఆ చలిలో అవి చావవు, పెరగవు. మా పాత ల్యాబ్ గదికి తాళం పడింది. అక్కడ ఇప్పుడు కణాలు పెంచడం లేదు.