ఆయమ్మ కడుపులో దాచిన మాట

మా బడికి ఆయమ్మ ఒక్కతే. నేను ఊడ్చే మనిషిని, ఆమె పిల్లల్ని చూసుకునే మనిషి. పదహారేళ్ళుగా ఒకే గదిలో ఉన్నాం. మరుగుదొడ్ల పక్కన చిన్న గది అది. ఒక చెక్క బీరువా, రెండు బకెట్లు, ఒకే ఒక్క స్టూలు. ఆ స్టూలు కోసం రోజూ తగువే.

"లే అక్కా, నా నడుం పడిపోతోంది."

"నీకు నడుమెక్కడుందే, చీపురుపుల్లలా ఉంటావు" అనేది. భారీ మనిషి. ఒకసారి కూర్చుందంటే లేపడం నా వల్ల అయ్యేది కాదు.

ఆ బీరువా నిండా చిన్నపిల్లల బట్టలు. గౌన్లు, నిక్కర్లు, చెడ్డీలు. పిల్లలు పెద్దయిన ఇళ్ళకి వెళ్ళి, "పొట్టివైపోయినవి ఉంటే పారేయకండమ్మా, నాకివ్వండి" అని అడిగి తెచ్చేది. ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు కదా. తడుపుకుంటారు, కక్కుకుంటారు. వాళ్ళని కడిగి, పొడి బట్టలేసి, ముక్కు తుడిచి పంపడం ఆమె పని.

పిల్లల్ని దారిలో పెట్టడం ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఇద్దరు కొట్టుకుంటే తిట్టేది కాదు. ఒకే బకెట్టు ఇచ్చి, చెరో పక్క పట్టుకుని మొక్కలకి నీళ్ళు పొయ్యమనేది. ఒలక్కుండా అక్కడిదాకా పోవాలంటే ఇద్దరూ ఒకే అడుగు వెయ్యాలి. తిరిగొచ్చేసరికి నవ్వుకుంటూ ఉండేవాళ్ళు. ఒకడికి అందర్నీ కొరికే అలవాటుండేది. వాడికి గదుల తాళాల గుత్తి ఇచ్చి, "నువ్వు లేకపోతే ఈ బడి తెరుచుకోదు నాన్నా" అంది. వాడు కొరకడం మానేశాడు. పెద్దసారే, "నాకూ ఒక గుత్తి ఇవ్వు ఆయమ్మా, మా ఆవిడ నా మాట వింటుందేమో" అనేవాడు.

ఇంకోటి, ఆమెకి చెప్పిన మాట ఇంకొకరి చెవిన పడదు. అందుకే పిల్లలు ఆమె దగ్గరికే పరిగెత్తేవాళ్ళు. మొదట్లో అలా కాదట. నేను చేరకముందు ఒక పిల్లాడు నిక్కరు తడుపుకున్నాడని వాళ్ళ నాన్నకి మామూలుగా చెప్పిందట. మర్నాడు వాడి వీపు చూసి ఆమె అన్నం తినలేదట. అప్పట్నుంచి ఎవరి సంగతీ ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు రెండో తరగతికి కొత్త టీచరమ్మ వచ్చింది. మంచి మనిషి, గట్టిగా అరవడం కూడా రాదు. బెత్తం తీసి అటక మీద పడేసి, గోడకి ఒక చార్టు అంటించింది. పిల్లల పేర్లు వరసగా రాసింది. పాఠం మధ్యలో లేచి బయటికి పోకుండా కూర్చున్నవాళ్ళకి సాయంత్రం ఒక నక్షత్రం. అంతకుముందు ఒంటేలు పేరు చెప్పి అందరూ కుళాయి దగ్గర ఆడుకునేవాళ్ళు లెండి. నిజం చెప్పాలంటే ఆ చార్టు వచ్చాక నాకే సుఖమైంది. బురద తగ్గింది.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉండేది. ఏడేళ్ళుంటాయి. బక్కగా, గలగలా మాట్లాడుతూ ఉంటుందని మేం పిట్ట అని పిలిచేవాళ్ళం. ఒకరోజు మా గది గుమ్మంలో వచ్చి నిలబడింది.

"ఏమైందే పిట్టా?" అని అడిగింది అక్క.

"నీళ్ళ సీసా ఒలికింది."

"సీసా ఒలికితే ముందు తడవాలి. వెనక తడిసిందేంటమ్మా?"

పిట్ట కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మకి చెప్పకు ఆయమ్మా. టీచరుకీ చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? నాకసలు నోరే లేదు."

"మరి మాట్లాడుతున్నావుగా!" అని ఏడుస్తూనే నవ్వింది.

అక్కడ మొదలైంది. గంట కొట్టేదాకా బిగబట్టుకుని కూర్చునేది. గంట కొట్టాక పరిగెత్తుకుంటూ వచ్చేది, సగం దారిలోనే అయిపోయేది. రోజుకి ఒకసారి, ఒక్కోరోజు రెండుసార్లు. అక్క బీరువాలోంచి అదే రంగు గౌను తీసి వేసి పంపేది. తడిసింది ఉతికి నీళ్ళ ట్యాంకు వెనక తీగ మీద ఆరేసేది. బడి వదిలేలోపు పిట్ట గౌను పిట్టకి తొడిగేసేది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

విపరీతంగా నీళ్ళు తాగేది. సీసా అయిపోతే మా కుండ దగ్గరికొచ్చి గ్లాసు మీద గ్లాసు. "కడుపులో చేపల్ని పెంచుతున్నావేంటే?" అని నేనే ఎగతాళి చేశాను. చెంపలు లోపలికి పోయాయి. పళ్ళూడే వయసు, సరిగ్గా తినట్లేదేమో అనుకున్నాం. దాని బట్టలు వేసిన బకెట్టు చుట్టూ చీమలు పట్టేవి. ఎవరో బిస్కెట్లు పడేశారని తిట్టుకుంటూ ఊడ్చేశాను. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు ఊడ్చాను.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "అక్కా, వాళ్ళమ్మకి ఒక మాట చెప్పరాదూ?"

"చెప్తే? ఇంట్లో దాన్ని చావబాదితే నువ్వెళ్ళి అడ్డం పడతావా?"

నేను చీపురు తీసుకుని వెళ్ళిపోయాను.

నెల తిరిగేసరికి పిట్టకి ఇరవై ఒక్క నక్షత్రాలు. అందరికంటే ఎక్కువ. టీచరమ్మ దాన్ని ముందుకి పిలిచి చప్పట్లు కొట్టించింది. అక్క గుమ్మంలో నిలబడి తనూ కొట్టింది.

ఆ తర్వాతి సోమవారం పిట్ట తరగతిలో వాంతి చేసుకుంది. పరిగెత్తినదానిలా రొప్పుతోంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. కడుపులో తేడా చేసిందనుకుని వాళ్ళమ్మకి కబురు పెట్టారు. ఆవిడ బట్టల కార్ఖానాలో గుండీలు కుడుతుంది. వచ్చేదాకా అక్కే భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడింది. "దీని నోట్లోంచి మాగిన పండు వాసన వస్తోందే" అంది నాతో.

దగ్గర్లో ఉన్న డాక్టరు వాంతులకి మందిచ్చి పంపాడు. మంగళవారం పిల్లకి తెలివి లేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. బుధవారం పొద్దున పోయింది.

ఆసుపత్రికి వెళ్ళొచ్చిన టీచరమ్మ మా గదిలోకి వచ్చి గోడకి చేరగిలబడింది. "షుగరట ఆయమ్మా. చిన్నపిల్లలకి కూడా వస్తుందట. నోట్లోంచి ఆ పండు వాసన కూడా దానివల్లేనట. నీళ్ళు ఎక్కువ తాగేదా, మాటిమాటికీ ఒంటేలుకి వెళ్ళేదా అని డాక్టరు అడిగాడు. ముందే తెలిసుంటే సూదిమందుతో బతికేదన్నాడు. వాళ్ళమ్మేమో, 'ఇంట్లో తాగితే ఎండలకి అనుకున్నానండీ, బళ్ళో అసలు లేవకుండా కూర్చుంటుంది, నక్షత్రాలు కూడా వచ్చాయి' అంది." కొంగుతో మొహం కప్పుకుంది టీచరమ్మ. ఆమె కూడా చిన్నదే, పాతికేళ్ళు ఉంటాయేమో.

ఆమె వెళ్ళాక నేనే అన్నాను. "నువ్వు చెప్పకక్కా. మనిద్దరికే తెలుసు. చెప్తే పిల్ల తిరిగొస్తుందా?"

"అందరివీ దాచాను. ఇప్పుడు నాది కూడా దాచుకోమంటావా?" అంది.

నాలుగు రోజులు ఆగి వాళ్ళింటికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను, దారిలో పడిపోతుందేమోనని. మేడ మీద రెండు గదులు. గుమ్మం పక్కన చిన్న బూట్లు అలాగే ఉన్నాయి. పిట్ట వాళ్ళమ్మ కింద కూర్చుని ఉంది. అక్క ఆవిడ ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. గౌన్లు, తీగ, నీళ్ళు, ఒక్కటీ మిగల్చలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది ఆవిడ.

"నెల దాటిందమ్మా."

"నాకెందుకు చెప్పొద్దంది? నేను కొడతాననా? దాని మీద నేనెప్పుడూ చెయ్యెత్తలేదు ఆయమ్మా."

అక్క తల దించుకుంది. "దెబ్బలని ఎప్పుడూ అనలేదమ్మా. 'మా అమ్మ చేతులు నొప్పి పుడతాయి, మళ్ళీ ఇవి కూడా ఉతకాలి' అనేది. నేనే నమ్మలేదు. పిల్లలు తల్లుల్ని వెనకేసుకొస్తారులే అనుకున్నాను."

ఆవిడ తన చేతుల వంక చూసుకుంది. తిడుతుందేమో, జుట్టు పట్టుకుని కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మేం అక్కడే నిలబడ్డాం. లోపల్నుంచి ఏడుపు కూడా వినపడలేదు. చివరికి మేమే మెట్లు దిగి వచ్చేశాం.

పెద్దసారుకి కూడా చెప్పింది. పనిలోంచి తీసేస్తాడనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇక మీదట అన్నీ చెప్పు ఆయమ్మా" అన్నాడంతే. టీచరమ్మ చార్టు చింపేసింది. ఎవరైనా ఎప్పుడైనా బయటికి వెళ్ళొచ్చని చెప్పింది.

అక్క మాట తప్పే మనిషి కాదు. చెప్పమన్నారు, చెప్తోంది. ఆ తర్వాతి వారం ఒకటో తరగతి బుడ్డోడు తడుపుకుని వచ్చి, "ఎవరికీ చెప్పకు ఆయమ్మా" అన్నాడు. కడిగి, పొడి నిక్కరు వేసి, చెయ్యి పట్టుకుని వాళ్ళ టీచరు దగ్గరికి తీసుకెళ్ళింది. వాడు చెయ్యి విదిలించుకుని ఆమె వంక చూసిన చూపు నేను చూశాను. పిల్లల మధ్య మాట పాకడం ఎంతసేపు? పది రోజుల్లో మా గది గుమ్మం ఎక్కేవాళ్ళే లేరు. తడి గుడ్డలతోనే బెంచీకి అతుక్కుని కూర్చుంటున్నారు. పాపం, అక్కే తరగతి తరగతికీ తిరుగుతోంది. "ఎవరమ్మా తడిసింది, రండి, ఏమీ అననుగా" అని. ఒక్కరూ కదలరు.

నిన్న రెండో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికి వచ్చింది. గౌను కాళ్ళకి అంటుకుపోయి ఉంది. "నువ్వు మార్చు, ఆయమ్మకి చెప్పకు" అంది నా చెవిలో.

దాని చెయ్యి పట్టుకుని అక్క దగ్గరికే నడిపించుకెళ్ళాను. దారంతా ఏడ్చింది. అక్క దాన్ని దగ్గరికి తీసుకుని, కాళ్ళు తుడిచి, "దాహమేస్తోందా తల్లీ? ఎన్నిసార్లు తాగావు పొద్దుట్నుంచి?" అని అడిగింది. అడిగిందే మళ్ళీ అడిగింది. ఆ పిల్ల మొహం పక్కకి తిప్పుకుంది. అక్క పొడి గౌను తొడిగి, దాన్ని ఎత్తుకుని టీచరు గదికి బయల్దేరింది.