కందకం లోపలా, నది పక్కనా

మా ఆయనకు పక్షవాతం వచ్చి రెండేళ్ళు కావస్తుండగా, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసింది. జనవరిలో తనకు పదిరోజులు సెలవు దొరుకుతుందట. ముగ్గురం కలిసి ఎక్కడికైనా వెళ్దామని, ఎక్కడికన్నది నాన్ననే చెప్పమని అంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆయన సోఫాలో కూర్చుని కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటే చాపుతున్నారు. రోజుకు మూడుసార్లు చేయమన్న వ్యాయామం అది. తలెత్తకుండానే, "చియాంగ్ మై," అన్నారు.

థాయ్‌లాండ్‌లో ఉత్తరాన ఉండే ఊరు అది. పెళ్ళికి ముందు, హైదరాబాద్‌లో ఇంజనీరుగా ఉన్నప్పుడు, ఆ ఊరికి దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చారని నాకు తెలుసు. అంతకుమించి ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు.

"డన్," అంది అమ్మాయి. "ఫ్లైట్స్ నేను బుక్ చేస్తా. మమ్మీ, ఎక్కడ స్టే చేయాలో నువ్వు చూడు. డాడీకి ఏం కావాలో నీకే తెలుసు కదా."

అవును, నాకే తెలుసు. స్నానాలగదిలో గోడకు పట్టుకునే కడ్డీ కావాలి. గడప ఉండకూడదు. మంచం మరీ ఎత్తు కాకూడదు, మరీ పల్లమూ కాకూడదు. ఎడమ మడమకు ప్లాస్టిక్ పట్టీ కట్టి, నాలుగు కాళ్ళున్న చేతికర్రతో నడిచే మనిషికి ఎన్ని అడుగులకు ఒక కుర్చీ అవసరమవుతుందో కూడా నాకు తెలుసు. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, మా అపార్ట్‌మెంట్‌లో మేం రెండో అంతస్తు నుంచి కింది అంతస్తుకు మారింది అందుకే. అంతకుముందు మా ప్రయాణాలన్నీ ఆయనే చూసుకునేవారు. హోటల్ ఎక్కడో కూడా నేను అడిగేదాన్ని కాదు. బట్టలు సర్దుకుని కారెక్కేదాన్ని.

మర్నాటి నుంచి లంచ్ టైమ్‌లో, ఊళ్ళోనే ఉన్న లాస్ కొలీనాస్‌లోని మా ఆఫీసు పార్కింగ్‌లో కారులోనే కూర్చుని, ఒళ్ళో పెరుగన్నం డబ్బా పెట్టుకుని, ఫోన్‌లో ఆ ఊరి మ్యాపు చూడటం మొదలుపెట్టాను. ఊరి నడుమ చతురస్రంగా పాతనగరం, దాని చుట్టూ నీళ్ళున్న కందకం. లోపలంతా గుళ్ళు, ఇరుకు సందులు. పడమట నిమ్మాన్ అనే పేట, కాఫీ షాపులూ పెద్ద మాలూ ఉన్నది. తూర్పున నైట్ బజార్. అదీ దాటితే నది, నది పక్కన తోటలున్న హోటళ్ళు. ఎవరు రాసింది చదివినా 'అన్నీ నడిచి వెళ్ళేంత దూరమే' అని ఉంది. ఎవరు నడిచి వెళ్ళేంత దూరమో ఎవరూ రాయలేదు.

వీధుల ఫొటోల్లో నేను గుళ్ళనూ పూలనూ చూడలేదు. ఫుట్‌పాత్‌లు చూశాను. ఎక్కడ పలక విరిగింది, ఎక్కడ కరెంటు స్తంభం అడ్డం వచ్చింది, ఎక్కడ మోటార్‌సైకిళ్ళు ఆపుకున్నారు, ఇవే చూశాను. వేలితో ఫోన్ మీద ఆ సందులన్నీ నడిచి, అన్నం సగం వదిలేసి, పనికి వెళ్ళిపోయేదాన్ని. సాయంత్రం ఇంటికి వెళ్తే ఆయన స్నానం, వంట, వ్యాయామం. వారానికి రెండుసార్లు థెరపీ. ఆ రోజుల్లో ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే నిద్ర చాలడం లేదని చెప్పేదాన్ని. నిజానికి నిద్ర చాలేది. లేచిన తర్వాత కూడా అలసటగానే ఉండేది.

అమ్మాయి మాత్రం ఒకటే మాట. "మమ్మీ, నిమ్మాన్ బెస్ట్. ఎలివేటర్స్ ఉంటాయి, కొత్త బిల్డింగ్స్. డాడీకి ఈజీ."

"పైనుంచి విమానాలు పోతుంటాయట, పగలంతా మోత అని రాశారు."

"అందరూ ఏదో ఒకటి రాస్తారు. నువ్వు ఓవర్‌థింక్ చేస్తున్నావు."

ఆఫీసులో నా పక్కసీటు అమ్మాయి కరీంనగర్ పిల్ల. మూడేళ్ళ క్రితం ఫ్రెండ్స్‌తో అక్కడికి వెళ్ళి వచ్చింది. "అక్కా, నైట్ బజార్ దగ్గర్నే తీసుకోండి. మన తిండి దొరుకుతది, బావగారికి సప్పగ తినే బాధ ఉండది. లొల్లి మాత్రం మస్తుంటది," అంది.

ఐదారు హోటళ్ళకు మెయిల్ రాశాను. బాత్‌రూమ్‌కు మెట్టు ఉందా అని. ఒకరు చాలా మర్యాదగా జవాబిచ్చారు, మెట్టేమీ లేదు మేడమ్, చిన్న మెట్టు మాత్రమే ఉంది అని. అది చదివి కారులో ఒక్కదాన్నే చాలాసేపు నవ్వాను. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

చివరికి దారి చూపింది ఫిజియోథెరపీ సెంటర్‌లో సహాయకురాలిగా పనిచేసే ఒకావిడ. యాభై ఏళ్ళుంటాయి, పొట్టిగా, బలంగా ఉంటుంది. ఆయన కడ్డీల మధ్య నడుస్తుంటే నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని వెనకే నడిచేది ఆవిడే. ఆవిడది థాయ్‌లాండ్ అని తెలుసుగానీ, పుట్టింది చియాంగ్ మైలోనేనని ఆ వారమే తెలిసింది. నా ఫోన్ తీసుకుని మ్యాపు పెద్దది చేసి, నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పింది. పాతనగరం అందంగా ఉంటుంది కానీ ఫుట్‌పాత్‌లను నమ్మొద్దు. ఊళ్ళో టాక్సీల్లా తిరిగే ఎర్రబళ్ళలోకి వెనకనుంచి ఎక్కాలి, మెట్టు ఎత్తు, ఈయన ఎక్కలేరు. నదికి తూర్పు ఒడ్డున మా పిన్ని వాళ్ళ పేట ఉంది, నేల చదును, రద్దీ తక్కువ, అక్కడ చూడండి.

ఆ వారాంతంలో నది ఒడ్డున ఒక హోటల్‌లో కింది అంతస్తులో పక్కపక్కనే రెండు గదులు దొరికాయి. బాత్‌రూమ్ ఫొటోలు అడిగి తెప్పించుకున్నాను. కడ్డీ ఉంది, గడప లేదు. బుక్ చేశాను. చాలా రోజుల తర్వాత ఒక పని పూర్తయినట్టనిపించింది.

ఆదివారం టిఫిన్ అయ్యాక ఆయన ముందు లాప్‌టాప్ పెట్టి గది చూపించాను. తోట, నది, వరండా అన్నీ చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. జబ్బు తర్వాత మాట కొంచెం ముద్దగా, ఆగి ఆగి వస్తుంది.

"ఇది... బయట," అన్నారు.

"దేనికి బయట?"

"కందకానికి. నేను లోపల ఉండాలి."

"లోపల ఫుట్‌పాత్‌లు బాగాలేవండీ. థెరపీ ఆవిడ కూడా వద్దంది. నెల్లాళ్ళు వెతికాను."

"నెల్లాళ్ళు వెతికావు. నన్ను... ఒక్కసారి అడగలేదు."

తప్పు నాదేనని ఆ క్షణమే తెలిసింది. తెలిసిందిగనకే కోపం వచ్చింది. "అడిగి ఏం చేయాలి? మీరు పడితే లేపేది నేను," అన్నాను.

ఆయన ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను కారు తాళాలు తీసుకుని, పాలు తేవాలని చెప్పి బయటికి వచ్చాను. ఫ్రిజ్‌లో పాలున్నాయని ఇద్దరికీ తెలుసు.

ఇండియన్ గ్రోసరీ ముందు కారు ఆపుకుని దిగకుండా కూర్చున్నాను. జనం బియ్యం బస్తాలు కార్లలోకి ఎక్కిస్తున్నారు. ఎవరో ఒకాయన బస్తా భుజాన వేసుకుని, ఇంకో చేత్తో బిడ్డను పట్టుకుని నడుస్తున్నాడు. నడవడం కూడా ఒక పనేనని అతనికి తెలియదు. నేను అతన్ని చూస్తూ, ఇక చాలు, ఎక్కడికీ వెళ్ళొద్దు, టికెట్లు క్యాన్సిల్ చేయమని అమ్మాయికి చెప్దామనుకున్నాను. ఫోన్ తీశాను కూడా. ఆ మాట చెప్తే తర్వాత చెప్పాల్సిన మాటలు చాలా ఉంటాయి. వాటికి ఓపిక లేక ఫోన్ పక్కన పెట్టేశాను. పాలు కొనుక్కుని ఇంటికి వెళ్ళాను.

ఆయన భోజనాల బల్ల దగ్గరున్నారు. ముందు ఒక కాగితం. దాని మీద పెన్నుతో చతురస్రం గీసి ఉంది. తూర్పు వైపు ఒక ద్వారం, దానిలోంచి లోపలికి ఒక వీధి, వీధిలోంచి ఒక సందు, సందు మొదట్లో బడి, చివర ఒక చిన్న ఇల్లు. ఇంజనీరు గీత అది. దూరాలు కూడా వేశారు.

"ఇక్కడ కింద మంగలి షాపు. పైన నా గది," అన్నారు.

అప్పుడు చెప్పారు. చెప్పడానికి గంట పట్టింది. ఆయనకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, దేశం దాటడం అదే మొదటిసారి. భాష రాదు. ఫ్యాక్టరీ నుంచి వ్యాన్ ద్వారం దగ్గర దింపేది. గదికి వెళ్ళి చేసేదేమీ లేక, రోజూ సాయంత్రం కందకం చుట్టూ నాలుగు వైపులా నడిచి వచ్చేవారట. ఒక్కొక్క వైపూ మైలు. మొదటి వారం ఏడుపొచ్చేదట. రెండో నెలకు, మంగలాయన తన షాపు ముందు స్టూలు వేసి ఈయన కోసం చూస్తుండేవాడట. ఒకరి భాష ఒకరికి రాదు. కూర్చుని టీ తాగేవాళ్ళు, అంతే.

"అంత నడిచింది... మళ్ళీ ఎప్పుడూ లేదు," అన్నారు. "నాలుగు వైపులూ వద్దు. ఒక్క వైపు చాలు."

ఇరవై ఆరేళ్ళు కాపురం చేశాం. ఆ మంగలాయన గురించి నేను వినడం అదే మొదలు. కాగితం నా వైపు తిప్పుకుని ఆ సందు మీద వేలు పెట్టాను. నేను ఫోన్‌లో ఆ సందు చూశానో లేదో గుర్తు రాలేదు. చూసినా ఫుట్‌పాత్ మాత్రమే చూసి ఉంటాను.

మొదటి మూడు రోజులు కందకం లోపల, మిగతా రోజులు నది పక్కన ఉండాలని ఒప్పుకున్నాం. లోపల ఒక గెస్ట్‌హౌస్‌లో కింది గదులు దొరికాయి. బాత్‌రూమ్‌కు చిన్న మెట్టు ఉంది. ఒక మైలు సంగతి చెప్తే థెరపీ ఆవిడ పెదవి విరిచి, సరే, ఇవాళ్టి నుంచి సాధన చేయించమంది. రోజూ ఆఫీసు నుంచి రాగానే ఆయన్ని కారెక్కించుకుని లాస్ కొలీనాస్ చెరువు దగ్గరికి తీసుకెళ్ళాను. ఈ ఊళ్ళో నడవడానికి కూడా హైవే ఎక్కి వెళ్ళాలి. ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి, తర్వాత రెండు బెంచీలకు. డిసెంబర్ చివరికి సగం మైలు, మూడుచోట్ల కూర్చుని. ఆయన వెనక నేను, బెల్టు పట్టుకుని. మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆయన ఊపిరి నడకకే చాలేది, నాది ఆయన అడుగులు లెక్కపెట్టడానికి.

జనవరిలో వెళ్ళాం. మూడు విమానాలు, మూడు వీల్‌చెయిర్లు. రెండో రోజు పొద్దున్నే తూర్పు ద్వారం దగ్గర మొదలుపెట్టి ఆ సందు కోసం వెతికాం. ఆయన గీసినచోట బడి లేదు. ఒక సందు కాకపోతే ఇంకోటి అని నాలుగు తిరిగాం. ముందు అమ్మాయి పరిగెత్తినట్టు వెళ్ళి చూసి వచ్చేది, "డాడీ, ఇది కూడా కాదు," అనేది. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకచోట లాండ్రీ, ఒకచోట జ్యూస్ కొట్టు. మంగలి షాపు మాత్రం ఎక్కడా లేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "కందకం దగ్గరికి పోదాం," అన్నారు.

కందకం పక్కన మైలులో పావువంతు నడిచి ఉంటారు. పలకలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఎడమపాదం రెండుసార్లు తట్టుకుంది. రెండోసారి నా బరువంతా వేసి ఆపాను. అక్కడే గట్టుమీద కూర్చున్నారు. నీళ్ళ మధ్య ఫౌంటెన్ చిమ్ముతోంది. అవతల బళ్ళు ఆగకుండా పోతున్నాయి. ఏమైనా అంటారేమోనని చూశాను. ముఖంలో బాధ కనిపించలేదు, ఆనందమూ కనిపించలేదు. ఎక్కువసేపు పనిచేసి కూర్చున్న మనిషిలా ఉన్నారు.

"ఇంత వెడల్పనుకోలేదు," అన్నారు నీళ్ళను చూస్తూ. "అప్పుడు... చిన్నగా ఉండేది."

"లేచి ఇంకొంచెం నడుస్తారా?"

"చాలు."

ఆ సాయంత్రం ఆయనే అన్నారు, రేపే నది దగ్గరికి మారిపోదామని. గెస్ట్‌హౌస్ బాత్‌రూమ్‌లో ఆ చిన్న మెట్టు దగ్గర పొద్దున ఆయన గోడ పట్టుకుని ఆగిపోవడం నేను చూశాను, చూశానని ఆయనకూ తెలుసు. "నువ్వు చూసిందే బాగుంది," అన్నారు. నెలకిందట ఆ మాట వింటే సంతోషించేదాన్నేమో. అప్పుడు మాత్రం, మళ్ళీ పెట్టెలు సర్దాలి కదా అనిపించింది, అంతే.

నది పక్క గదికి చేరిన మధ్యాహ్నం, చెప్పులు విప్పి మంచం మీద వాలినదాన్ని వాలినట్టే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఎండ వరండాలోకి వచ్చేసింది. గదిలో ఎవరూ లేరు. చేతికర్ర లేదు. పక్కగది తలుపు తీసి ఉంది, అమ్మాయీ లేదు. బెల్టు కుర్చీకి వేలాడుతోంది.

రెండేళ్ళలో ఆయన ఎక్కడున్నారో నాకు తెలియని క్షణం అదే మొదటిది. లేచి వెతకాలి. ఫోన్ చేతికందే దూరంలోనే ఉంది. కానీ లేవలేదు. దుప్పటి మెడదాకా లాక్కుని, నది మీద ఏదో పడవ పోతున్న చప్పుడు దూరమయ్యేదాకా వింటూ పడుకున్నాను. గంట తర్వాత తండ్రీ కూతురూ వచ్చారు. ఆయన చొక్కా వీపంతా చెమట. ఎక్కడికి వెళ్ళారని నేను అడగలేదు. కొంచెం జరిగి మంచం మీద చోటిచ్చాను.