అట్టలాయన చీటీలు

గ్రంథాలయం వెనక వరండా చివరి గదిలో ముప్పై ఆరేళ్లుగా పుస్తకాలు బైండు చేస్తున్న పెద్దమనిషిని అందరూ అట్టలాయన అనే పిలుస్తారు. ఆయన చదువు పల్లెటూరి బడిలో అయిదో తరగతితో సరి. ఆ సంగతి ఆయనే ముందు చెప్పి, ఎదుటివాళ్లు తక్కువ అంచనా వేసుకోవడానికి వీలుగా కాస్త ఆగుతాడు. ఆ తరువాత అందుకుంటాడు. పద్నాలుగు వేల పుస్తకాలకు అట్టలు కట్టింది ఈ చేతులే. పైకప్పు కారి తడిసి ముద్దయిన నిఘంటువును పేజీ పేజీ విడదీసి, పదకొండు రోజులు ఆరబెట్టి, దాన్ని మళ్లీ మనిషిని చేసింది ఈ చేతులే. ఆయన కుట్టిన పుస్తకం కుట్టు వదిలి వెనక్కి వచ్చిందన్న మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఇవన్నీ చేతిపని గొప్పలు. ఆయన అసలు గర్వం చీటీల మీద. లెక్కల పుస్తకాలూ చట్టాలూ తప్ప, బైండు చేసిన ప్రతిదాన్నీ అక్షరం పొల్లుపోకుండా చదివి, వెనక అట్ట లోపల అరచేయంత కాగితం మీద తన అభిప్రాయం రాసి అంటిస్తాడు. రాయమని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ అనలేదు. కొన్నాళ్లకు పాఠకులు పుస్తకాన్ని వెనక నుంచి తెరవడం అలవాటు చేసుకున్నారు.

ఈ మధ్య రాసినవి చూస్తే ఆయన ధాటి తెలుస్తుంది. జీవితంలో పైకి రావడం ఎలాగో చెప్పే పుస్తకం మీద: "రెండు వందల పేజీలు ఖర్చుపెట్టి పెందలాడే లేవమన్నాడు. మా అమ్మ ఒక్క కేకతో లేపేది." ఒక యాత్రా గ్రంథం మీద: "వెళ్లిన ప్రతిచోటా ఈయన ఫోటోనే ఉంది. ఊళ్లు ఈయన భుజాల వెనక నక్కి కనిపించాయి." అపరాధ పరిశోధన నవల మీద: "హంతకుడు నలభయ్యో పేజీలోనే దొరికిపోయాడు. అయినా చివరికంటా చదివాను. ఇన్‌స్పెక్టరు భార్య మాటకారి." కవితల పుస్తకం మీద మాత్రం నాలుగు రోజులు తటపటాయించి రాశాడు: "పేజీలో సగం ఖాళీ చూసి కాగితం దండగ అనుకున్నాను. ముప్పై ఒకటో పేజీలో వాన మీద నాలుగు పంక్తులున్నాయి. వాటికి ఆ ఖాళీ కావాలి."

ఇలాంటి మనిషి చేతికి కిందటేడు ఒక పాత నవల వచ్చింది. పై అట్టా మొదటి పేజీలూ లేవు. అడుగు అంచంతా చెద తినేయడంతో పేజీ అంకెలు కూడా పోయాయి. పైగా రెండు కట్టలుగా విడిపోయింది. ఒక కట్ట, సూదిలో దారం ఎక్కించడం నేర్చుకుంటున్న చిన్నపిల్లతో మొదలవుతుంది. రెండోది, ఆ పిల్లే పెద్ద దర్జీ అయి, ఎప్పుడో వదిలి వెళ్లిన ఇంటికి పద్దెనిమిదేళ్ల తరువాత వచ్చి తలుపు తట్టడంతో మొదలవుతుంది. కొత్తగా పనిలో చేరినవాడైతే పిల్లను ముందు పెట్టి కుట్టేసేవాడు. అట్టలాయన వేల పుస్తకాలు చదివినవాడు. చిన్నతనంతో మొదలుపెట్టడం చేతకాని రచయితల పని, ఇతను చేతనైనవాడు అని తేల్చుకున్నాడు. తలుపు తట్టడాన్నే ముందు పెట్టి కుట్టాడు.

చీటీ కూడా ఘనంగా రాశాడు. "తిరిగి రావడం ముందు చెప్పి, వెళ్లిపోవడం తరువాత చెప్పిన గుండె ధైర్యం ఈ రచయితది. తలుపు తీసిన అన్న సొంత చెల్లెల్ని చూసి 'ఎవరు కావాలి' అంటాడు. రాయి లాంటి మనిషి. చిన్నప్పుడు చూపించిన ప్రేమంతా నటన అని మనకు ముందే తెలిసిపోతుంది." ఆ చీటీ చూసి నవలను నలభై ముగ్గురు తీసుకెళ్లారు. అందరూ అన్నను తిట్టుకుంటూ తెచ్చి ఇచ్చారు. ఈ నెల పాఠకుల సమావేశంలో ఆ నవల మీద అట్టలాయనే మాట్లాడాలని లైబ్రేరియనమ్మ బోర్డు మీద రాసింది.

సమావేశానికి నాలుగు రోజుల ముందు, ఉద్యోగం విరమించిన నర్సమ్మ ఒకావిడ బైండింగు గదిలోకి వచ్చింది. గ్రంథాలయం పుస్తకం ఒక చేత, అదే నవల సొంత ప్రతి ఇంకో చేత పట్టుకుని ఉంది.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. మీ పుస్తకం వెనకది ముందుకొచ్చింది."

"నా కుట్టా?" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

"కుట్టు ఇనప్పెట్టెలా ఉంది. వరసే తిరగబడింది."

రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఆవిడ ప్రతిలో అంకెలన్నీ ఉన్నాయి. పిల్లతో మొదటి భాగం, తలుపుతో రెండో భాగం. అట్టలాయన ఒక్కొక్క పేజీ తిప్పి చూశాడు. కాసేపు దబ్బనంతో బల్ల మీద గీతలు గీశాడు.

లైబ్రేరియనమ్మ మంచి మనిషి. సంగతి విని, "పెద్దాయనా, విప్పి సరిగ్గా కుట్టేయండి. చీటీ పీకేద్దాం. నర్సమ్మగారు ఎవరికీ చెప్పరు. సమావేశానికి ఇంకో పుస్తకం చూద్దాం," అంది.

ఆయన నర్సమ్మ ప్రతిని అడిగి తీసుకుని ఇంటికి వెళ్లాడు. మూడు రోజులు పగలంతా కిటికీ పక్కన కూర్చుని, ఈసారి వరసలో చదివాడు. భార్య చూసి చూసి అడిగింది.

"చదివిందే చదువుతున్నారు. పరీక్షేమైనా ఉందా?"

"తప్పు కుట్టాను."

"విప్పండి మరి. దానికి మౌనవ్రతమెందుకు?"

"కుట్టు విప్పొచ్చే. నలభై మూడు మందికి చెప్పిన మాటను ఎలా విప్పను? రేపటి నుంచి నా చీటీ ఎవరు నమ్ముతారు?"

"నా వంట మాడిన రోజు మాడిందనే చెప్పి పెట్టాను. మీరు తినడం మానేశారా?"

ఆయన మళ్లీ పుస్తకంలోకి వంగాడు. అప్పటికి మొదటి భాగంలో ఒక చిన్న సంగతి దగ్గర ఆగి ఉన్నాడు. చెల్లెలు ఇల్లు వదిలే ఏడాదే అన్నకు చూపు మందగించడం మొదలవుతుంది. దీపం పెట్టినా సూది బెజ్జం కనబడదు. ఆ సంగతి తెలిసి రెండో భాగానికి వస్తే, తలుపు దగ్గర ఆ మనిషి అడిగిన 'ఎవరు కావాలి' వేరుగా వినబడింది. అన్న గోడ పట్టుకుని తీరిగ్గా నడవడాన్ని మొదటిసారి తాను పొగరు అనుకున్నాడు. పాపం, అది తడుముకోవడం.

సమావేశానికి ముప్పై మంది దాకా వచ్చారు. అట్టలాయన లేచి, అలవాటు ప్రకారం అయిదో తరగతితో మొదలుపెట్టి, నిఘంటువు మీదుగా అసలు సంగతికి వచ్చాడు.

"ఈ నవలను నేను తిరగేసి కుట్టాను. మీరంతా తిరగేసి చదివారు. దాన్ని విప్పి సరిచేశాను, ఇదిగో."

ముందు వరసలోంచి పోస్టాఫీసు గుమాస్తా నవ్వాడు. ఏ సమావేశంలోనైనా ఒక పుల్ల వేయందే ఆయనకు తోచదు. "అయితే మాస్టారూ, ఆ గుండె ధైర్యం రచయితది కాదు, మీ దారానిదన్నమాట."

గది గొల్లుమంది. అట్టలాయన నవ్వు తగ్గేదాకా ఆగాడు.

"ఆ పొగడ్త నాకే చెందుతుంది, కాదనను. తలుపు తట్టడం ముందు పెడితే కథ పట్టుకుంటుంది. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నా కుట్టు వల్ల ఒకడికి అన్యాయం జరిగింది. అన్నను రాయి అన్నాను. వాడికి కళ్లు కనబడవు. కాగితం మీద మనిషే కావచ్చు, నలభై మూడు ఇళ్లలో తిట్లు తిన్నాడు. అది మాత్రం నా తప్పు."

నర్సమ్మ మెల్లిగా తల ఊపింది. ఆయన పాత చీటీ పీకలేదు. దాని కిందే, వరస తప్పి చదివి ఆ మాట అన్నానని, చూపులేనివాడి మీద గుమ్మంలోనే తీర్పు చెప్పేశానని ఇంకో చీటీ రాసి అంటించాడు. ఆ సాయంత్రమే నవల కోసం పదిహేడు మంది పేర్లు రాయించుకున్నారు. వాళ్లలో పన్నెండు మంది అంతకుముందు చదివినవాళ్లే.

ఆ పదిహేడు మందిలో మొదట తీసుకెళ్లిన గుమాస్తా వారానికి బైండింగు గదికే నేరుగా వచ్చాడు.

"మాస్టారూ, మీ మొదటి మాటే నిజం. కళ్లు లేకపోతే చెవులు లేవా? ఆవిడ గుమ్మంలో నిలబడి 'నేనే' అంది. ఎన్నేళ్లయితేనేం, చెల్లెలి గొంతు అన్నకు తెలియదా? వాడు రాయే."

అట్టలాయన పుస్తకం తెరిచి ఆ పేజీ చదివాడు. నిజమే, 'నేనే' అంది. ఇంకోసారి చదివాడు.

"పద్దెనిమిదేళ్లు బతికాక గొంతు మారదా?"

"మారదు. మా అక్కతో ఇరవై ఏళ్లు మాట్లాడలేదు. ఫోన్లో దగ్గితే గుర్తుపట్టాను."

అట్టలాయన ఒక స్టూలు జరిపి, అరచేయంత కాగితం కత్తిరించి ఆయన ముందు పెట్టాడు.

"కూర్చుని రాయండి. దగ్గు సంగతి కూడా రాయండి."

గుమాస్తా అరగంట కూర్చుని, మూడు సార్లు కొట్టేసి రాశాడు. అట్టలాయన కళ్లద్దాలు సవరించుకుని అది రెండుసార్లు చదివాడు. ఒక్క ముక్క కూడా ఒప్పుకోలేదు. జిగురు గిన్నె దగ్గరకు లాక్కుని, తన రెండు చీటీల కింద దాన్ని వంకర లేకుండా అంటించి, ఆరేదాకా బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు.