పరదాకు ఇవతలి బల్ల

గత నెలలో ఒక గురువారం ఉదయం, నేను ఆసుపత్రికి బయలుదేరబోతుండగా అక్కడి నుంచే ఫోను వచ్చింది. "మీ అత్త పోయింది సార్, వచ్చేయండి" అని వార్డులోని నర్సమ్మ చెప్పింది. ఆమె పోయిన రోజు కూడా గురువారమే కావడం నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. ఎన్నో ఏళ్ళుగా మా మేనత్తకు గురువారమంటే ఒకటే అర్థం. ఆ రోజు మధ్యాహ్నం ఆమె అనంతపురం పాత ఊరిలోని ఒక భోజన హోటలుకు వెళ్ళి, ఒంటరిగా ఒక బల్ల ముందు కూర్చుని, ఆకు నిండా వడ్డించుకుని తినేది.

ఆమె మా నాయనకు చెల్లెలు. కంబదూరు దగ్గరి పల్లెకు ఇచ్చారు. పిల్లలు కలగలేదు. మామ చనిపోయిన తర్వాత వరుసగా వానలు ముఖం చాటేసి, నాలుగెకరాల మెట్టచేనులో వేసిన విత్తనం కూడా తిరిగి రాకపోయేసరికి, తొంభైల చివర్లో ఆమె చేను గుత్తకిచ్చి టౌనుకు వచ్చింది. రైలుకట్ట పక్కన ఒక గది తీసుకుని, చెనక్కాయల మిల్లులో వేరుశనగ పప్పులు ఏరే పనికి కుదురుకుంది. కరెంటు కోత వల్ల ఆ మిల్లుకు గురువారం సెలవు.

నా గురించి రెండు మాటలు చెప్పడం అవసరం. పదో తరగతి తప్పి ఒక ప్రభుత్వ కార్యాలయంలో అటెండరుగా చేరినవాడిని. ముప్పై ఆరో ఏట రాత్రిబడిలో మళ్ళీ పలక పట్టినట్లే మొదలుపెట్టి, సాయంకాల కళాశాలలో చదివి, నలభై మూడో ఏట పట్టభద్రుడనయ్యాను. దీన్ని చెప్పుకోవడానికి నేను సంకోచించను. సంకోచించవలసిన విషయం వేరే ఉంది. దాన్ని రాయడానికే ఈ కాగితం ముందు కూర్చున్నాను.

మొదటిసారి హోటలుకు వెళ్ళిన సంగతిని ఆమె నాకు అభినయించి మరీ చెప్పింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు హాల్లో కూర్చునేవారు కారు. వారికోసం వెనుక పరదా కట్టిన ఫ్యామిలీ రూము ఉండేది. సర్వరు ఆమెను గుమ్మంలోనే ఆపాడట.

"అమ్మా, ఫ్యామిలీ రూముకు పో. ఎంతమంది?"

"ఒక్కదాన్నే."

"ఒక్కరికి ఆ రూము ఇయ్యరమ్మా."

"ఇయ్యకుంటే పాయె. ఈడ కూర్చుంటా."

"ఈడ మొగోళ్ళు తింటారు కదమ్మా. పరదా ల్యాకుండా ఎట్ల?"

"నా వయసుకు పరదా ఏంటికప్పా? నన్ను ఎవురెత్తకపోతారు?"

గల్లాపెట్టె దగ్గరి యజమాని నవ్వి, స్తంభం పక్కనున్న బల్ల చూపించాడట. రోడ్డు కనిపించే ఆ బల్ల అప్పటి నుంచి ఆమెదైంది.

ఆమె పదకొండున్నరకే, జనం రాకముందే వెళ్ళేది. చేతిసంచిని ఎదుటి కుర్చీ మీద పెట్టేది. ఆకు మీద నీళ్ళు చల్లి, అరచేత్తో తుడిచి, మొదట పొడి, నెయ్యితో నాలుగు ముద్దలు తినేది. అటుపైన పప్పు, ఆపైన కూర, చారు. సర్వరు బకెట్టుతో పరుగెత్తుకొస్తే, "నిదానంగా రా అప్పా, నేనేమీ బస్సుకు పోయేది లేదు" అనేది. పెరుగన్నంలో ఊరగాయ నంజుకుంటూ రోడ్డు మీద పోయే బండ్లను చూసేది. ముప్పావుగంట పట్టేది ఆమె భోజనం.

ఈ వార్త మా బంధువులకు చేరడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. పల్లెలో ఉన్న మా అన్న నన్ను పిలిపించాడు. "ఇల్లూ వాకిలీ లేనిదాని మాదిరి హోటల్లో కూర్చోని తింటాందంట. మన పరువేం కావల్ల? నువ్వు సదువుకుంటాండేవోనివి. పోయి చెప్పు" అన్నాడు. చదువుకుంటున్నవాడినన్న మాట నా చెవికి ఇంపుగా తగిలింది. ఒక ఆదివారం ఆమె గదికి వెళ్ళి, నేర్చుకున్న భాషలో మర్యాద గురించి, కుటుంబ గౌరవం గురించి చక్కగా చెప్పాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ అంతా విన్నది.

"అయిపోయిందా?"

"అయింది అత్తా."

"ముప్పై ఏండ్లు నేను కూడు తింటాంటే ఎవురన్నా చూసినారా? మీ మామకు ఇంగో ముద్ద కావల్లేమో, మా అత్తకు మజ్జిగ సాలిందో లేదో... నోట్లో ముద్ద ఉంటే కన్ను ఇంగొకరి తట్టలో ఉంటాండె. ఇప్పుడు వారానికొక పొద్దు నా ఆకును నేను చూసుకుంటాండా. దానికేమి మీకు కడుపునొప్పి?"

ఆమె అంతటితో ఊరుకోలేదు.

"అది సరే, నువ్వు మద్యానం యాడ తింటావు?"

చెప్పక తప్పలేదు. కార్యాలయంలో పాత ఫైళ్ళుండే గదిలో, తలుపు దగ్గరకు వేసుకుని, సంగటి డబ్బా ఒళ్ళో పెట్టుకుని, గోడవైపు తిరిగి తినేవాడిని. గుమాస్తాలు చూస్తారని.

"హోటల్లో ఒక్కడివే తిన్న్యావా ఎప్పుడన్నా?"

"లేదు."

"భయమా?"

"నాకేమి భయం?"

"అయితే పో ఒకసారి. గోడకేసి కూర్చోవద్దు, దొంగతిండి మాదిరి ఉంటాది. పేపరు పట్టుకోవద్దు. కూడు ముందర పెట్టుకోని పక్కకు చూస్తే, పిలిచినోళ్ళ ఇంట్లో మొగం తిప్పుకున్నట్ల."

మరుసటి వారం కళాశాలకు వెళ్ళే ముందు, సాయంత్రం ఐదు గంటలకు, గడియార స్తంభం దగ్గరి ఒక చిన్న హోటలు ముందు నిలబడ్డాను. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్లు పదిసార్లు వాచీ చూసుకున్నాను. చివరికి లోపలికి వెళ్ళి కూర్చుంటే, "ఎంతమంది అన్నా?" అని అడిగాడు సర్వరు. నా నోటి నుంచి "ఇద్దరం, ఇంకొకాయన వస్తాడు" అన్న మాట వచ్చేసింది. "ఏం కావల్ల?" అంటే, "రెండు ప్లేట్లు ఉగ్గాని, బజ్జీ" అన్నాను. తాలింపు పెట్టిన బొరుగులతో రెండు ప్లేట్లు వచ్చాయి. రాని మనిషి ప్లేటును చూస్తూ నా ప్లేటు తిన్నాను. సర్వరు గుమ్మం వైపు, నా వైపు మార్చి మార్చి చూడసాగాడు. ఇక భరించలేక రెండో ప్లేటు కూడా తినేసి, మిరపకాయ బజ్జీల మంటతో కళ్ళు తుడుచుకుంటూ తరగతికి వెళ్ళాను. ఆ రోజు అర్థశాస్త్ర పాఠం ఒక్క ముక్క తలకెక్కలేదు.

ఇది విని ఆమె నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. పక్క గదివాళ్ళు తొంగిచూశారు. "ఆ రెండోయప్ప కడుపునిండా తిన్న్యాడా లేదా? అది చెప్పు ముందు!" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నాలుగైదుసార్లకు నాకు అలవాటైంది. ఒంటరిగా కూర్చుని తినడంలో ఒక నిబ్బరం ఉందని తెలిసింది. ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఉగ్గానిలో పుట్నాలపొడి ఎంత ఉందో, నిమ్మకాయ పిండారో లేదో నాలుకకు తెలిసేది. పరీక్షకు ముందు సాయంత్రాలు అలా గడిపిన అరగంటలే నన్ను గట్టెక్కించాయని నా నమ్మకం. పట్టా పుచ్చుకున్న రోజు ఆమెకు చూపించాను. ఆమెకు చదువు రాదు. పట్టాను వెలుతురుకు పట్టి, "అచ్చు బాగా పడిండాది" అంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

నాకు జూనియర్ అసిస్టెంటుగా పదోన్నతి వచ్చినప్పుడు కార్యాలయంవారు నన్ను భోజనానికి పిలిచారు. సూపరింటెండెంటు గారు ఆ హోటలునే ఎంచుకున్నారు. ఆ రోజు గురువారమని నాకు తెలుసు. వేరే చోటు చెప్పే ధైర్యం లేకపోయింది. రెండు బల్లలు కలిపి ఏడుగురం కూర్చున్నాం. స్తంభం పక్కన ఆమె అప్పటికే పెరుగన్నం కలుపుకుంటున్నది.

సూపరింటెండెంటు గారు అటు చూసి, "ఆ ముసలామె చూడప్పా, ఎంత దర్జాగా కూర్చునిందో! ఇంట్లో కూడు పెట్టే దిక్కు ల్యాదేమో పాపం" అన్నారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కానీ తల కూడా ఎత్తలేదు. ఆకు మీద ఉప్పును వేలితో సర్దుతూ ఉండిపోయాను.

నన్ను ఆమె గది దగ్గర ఒకసారి చూసిన సర్వరు ఆమెతో అన్నాడు: "అవ్వా, ఆడ కూర్చున్న్యాడే, ఆయన మీ అల్లుడు కదా?"

ఆమె మా బల్ల వైపు చూసింది. "యాడప్పా! నా అల్లుడు ఈ యాలకు ఆఫీసులో ఉంటాడు. ఆయన ఎవురో పెద్దసారు. నాకు తెల్దు" అంది. మా బల్లకు వినిపించేలాగే అంది.

ఆమె తొందరపడలేదు. పెరుగన్నం పూర్తిచేసింది. ఆకు మడిచింది. చేయి కడుక్కుని, సంచి భుజాన వేసుకుని, మా బల్ల పక్క నుంచే, నావైపు తల తిప్పకుండా వెళ్ళిపోయింది. నా గౌరవాన్ని ఆమె కాపాడింది. కాపాడదగినంత గౌరవం నాలో ఉందా అన్న ప్రశ్న ఆనాటి నుంచి నన్ను విడవలేదు.

తర్వాత కూడా ఆదివారాలు వెళుతూనే ఉన్నాను. కూరగాయలు, మందులు తీసుకుపోయేవాడిని. ఆమె ఎప్పటిలాగే మాట్లాడేది. ఆ విషయం ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఏళ్ళు గడిచాయి. గురువారం మధ్యాహ్నం ఆ వీధిలో పని పడితే నేను పక్క వీధి గుండా తిరిగి పోయేవాడిని.

ఈ వేసవి మొదట్లో ఆమెకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో చేర్చాను. గంజి తప్ప ఏమీ పెట్టవద్దన్నారు డాక్టర్లు. ఒక మధ్యాహ్నం, వార్డంతా కునుకుతున్న వేళ, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నోరు తెరిచాను. కార్యాలయంలో నేను పుస్తకాల భాషే మాట్లాడతాను. ఆమె ముందు మాత్రం ఎప్పుడో వదిలేశాననుకున్న మాటే వచ్చింది.

"అత్తా, ఆ పొద్దు హోటల్లో నిన్ను చూసి చూడనట్ల ఉన్న్యా."

"ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా?"

"దినామూ గుర్తొస్తాది. నొప్పయ్యిందా నీకు?"

"అయ్యింది. అపద్దం ఏంటికి చెప్పల్ల?" అని కాసేపు ఊపిరి తీసుకుంది. "పెరుగన్నం ఇంగా మిగిలిండె. తిన్న్యా. ముద్ద ముద్దకూ కొంచెం తగ్గింది."

"తప్పు చేసినా అత్తా."

"తప్పే. కాదన్నోళ్ళు ఎవురు? నీ తప్పు నువ్వు మోసుకో. నేనే లేసి కూర్చోలేక సస్తాంటే, దాన్ని తెచ్చి నా మింద పెడతావేంరా?"

కోపం లేదు ఆ గొంతులో. క్షమించానన్న మాట కూడా లేదు. తనే మళ్ళీ అంది: "నాకు కూడు వద్దంటాండారు. నువ్వు పోయి తిని రా. ఆ హోటల్లోనే, నా బల్లకాడ్నే. ఒక్కడివే పో. వచ్చి ఎట్ల ఉన్నిందో చెప్పు."

వెళ్ళాను. స్తంభం పక్కన రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. అదే సర్వరు. వెంట్రుకలు నెరిశాయి.

"అవ్వ యాడన్నా? మూడు వారాలాయె, కనపల్లేదు."

"ఆసుపత్రిలో ఉంది. నేను ఆమె మేనల్లుడిని" అన్నాను. అవసరమైనదానికంటే గట్టిగా అన్నాననుకుంటాను, చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు.

అతను ఆకు పరిచి నీళ్ళు పెట్టాడు. "తెలుసన్నా. ఆ పొద్దే తెలుసు. ఆమె తెల్దనింది, మేమూ తెల్దనుకున్న్యాం."

తిని, తిరిగి వెళ్ళి, పప్పు బాగుందని, చారు బాగుందని, వంకాయ కూర బాగుందని చెప్పాను. ఆమె విసుక్కుంది.

"బాగుండాదంటే ఏం తెలుస్తాది? వంకాయలో నువ్వులేసినారా, చెనక్కాయల పొడి ఏసినారా?"

నేను గమనించలేదు.

"నువ్వు తిన్లేదు, మింగినావు. రేపు మల్లా పో."

మళ్ళీ వెళ్ళాను. కార్యాలయానికి సెలవు పెట్టి వరుసగా తొమ్మిది రోజులు వెళ్ళాను. ఒక్కొక్క ముద్దను గుర్తుపెట్టుకుని వచ్చి చెప్పేవాడిని. చారులో మిరియాలు దంచి వేశారా, పొడి చేసి వేశారా. అన్నం పలుకు ఎలా ఉంది. మజ్జిగలో అల్లం ఉందా లేదా. ఆమె కళ్ళు మూసుకుని వినేది. పెరుగు దగ్గరకు వచ్చేసరికి గొంతులో ఒక గుటక కదిలేది. "ఊఁ, ఊరగాయ?" అనేది. కళాశాలలో చదివిన ఏ పాఠాన్నీ నా నోటి నుంచి ఎవరూ అంత శ్రద్ధగా విని ఉండరు. పదో రోజు గురువారం. ఆ ఉదయమే ఫోను వచ్చింది.

కర్మలన్నీ అయిన తర్వాత, మొన్నటి గురువారం ఆ హోటలుకు వెళ్ళాను. ఒంటరిగా కూర్చుని ముప్పావుగంట తిన్నాను. చేయి కడుక్కుని బయటికి వచ్చి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి, ఏమీ ఆలోచించకుండా ఆసుపత్రి పేరు చెప్పాను. గేటు ముందు దిగిన తర్వాత గాని తెలియలేదు. రోగులకు క్యారియర్లు తెచ్చినవాళ్ళు నన్ను తోసుకుంటూ లోపలికి పోతున్నారు. ఎండ మండిపోతున్నది. నేను అక్కడే నిలబడ్డాను, చెప్పవలసిన మాట నోట్లో పట్టుకుని: పప్పులో ఈ ఏటి మొదటి చింతచిగురు వేశారత్తా. లేతది. అక్కడక్కడ ఈనెలు తగిలినాయి.