ఐసు ఫ్యాక్టరీలో కరెంటు పోయిన పూట

ఈ రోజు కాట్రేనికోన దగ్గర ఓ ఐసు ఫ్యాక్టరీకి వెళ్లాను. దాన్ని సోలార్ మీద నడపాలంటే పైకప్పు మీద ఎన్ని పలకలు కావాలి, రాత్రికి ఎంత పెద్ద బ్యాటరీ కావాలి అని లెక్క తేల్చడం నా పని. ఐసు గడ్డకట్టే పెద్ద ఉప్పునీటి తొట్టి మీద పరిచిన చెక్క మూతలపైనే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. మెషీన్లు రాత్రంతా ఆగకూడదు కదా అని, బ్యాటరీకి ఒక గదంత చోటు రాసుకున్నాను.

పొద్దున పదింటికి కరెంటు పోయింది. మెషీన్ల రొద ఒక్కసారిగా ఆగేసరికి చటుక్కున లేచాను.

"జనరేటర్ వెయ్యరా అండీ? ఐసంతా కరిగిపోదూ?" అన్నాను.

ఆపరేటర్ యేసుపాదం గారు కుర్చీలోంచి లేవను కూడా లేదు.

"ఎందుకండీ కంగారు? పొద్దుటి దాకా పట్టిన చలంతా తొట్టిలోనే ఉందండి. మొన్న తుఫానుకి రాత్రంతా ఇలాగే ఉంచేమండి. మూత తియ్యకపోతే చాలండి, ఆయ్."

రెండింటికి కరెంటు వచ్చాక ఆయన మూత తీసి థర్మామీటరు దించారు. పొద్దుటికీ ఇప్పటికీ ఒకటి రెండు డిగ్రీలే తేడా. బయటికి తీసిన ఐసు దిమ్మ మండుటెండలో తెల్లగా పొగలు కక్కుతోంది. పగటి ఎండతో ఆ తొట్టిని చల్లబరిస్తే చాలు, రాత్రిని అదే కాస్తుంది.

రిపోర్టులో బ్యాటరీ గదిని బీరువా అంత చేసేశాను.

బ్యాటరీ మీద కూర్చుని బ్యాటరీకి చోటు వెతికినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉన్నారా, నేనొక్కడినేనా?