గుంపుకి మాత్రమే గడ్డాలు

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాలో మా షాంటిలీ ఊరి సూపర్‌మార్కెట్‌లో కూరగాయల మధ్య మట్టి కొట్టుకున్న దుంప ఒకటి ప్రత్యక్షమవుతుంది. హార్స్‌రాడిష్ అంటారు. చూడ్డానికి ముల్లంగికి దూరపు చుట్టంలా ఉంటుంది కానీ, తురిమితే ఆవఘాటు ముక్కులోంచి సూటిగా నడినెత్తికి ఎక్కుతుంది. నిన్న తురుముతూ కళ్ళు తుడుచుకుంటుంటే మావారు కిటికీ తెరుస్తూ, "ఎవరు తింటారిది?" అన్నారు. నేనే తింటాను. అన్నంలో కూడా కలుపుకుంటాను. దీన్ని నాకు అలవాటు చేసిన మనిషి నయోమి. పదకొండేళ్ళు నాకు బాస్. ఆవిడ యూదురాలు. నేను గుంటూరు జిల్లాలో వరసగా మూడు తరాలు పాస్టర్లుగా చేసిన ఇంట్లో పుట్టినదాన్ని. యేసుప్రభువు గురించి నాకు తెలియనిదేమీ లేదనుకునే రోజుల్లో ఆవిడ పరిచయమైంది.

ఆసుపత్రి ల్యాబ్‌లో నేను చేరిన మొదటి రోజు ఆవిడ నా బ్యాడ్జి చూసి, "ఎస్తేరు. మా యూదుల రాణి పేరు నీకెవరు పెట్టారు?" అంది. మా తాతగారని చెప్పాను. అన్నదమ్ముల పేర్లడిగింది. దావీదు, సొలొమోను. మరి భర్త? యాకోబు. ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వింది. "మా సమాజమందిరంలో వెతికినా ఒక్క ఇంట్లో ఇన్ని దొరకవు," అంది. నాకు కాస్త గర్వంగానే అనిపించింది. ఆ పేర్లు మావే అనుకునేదాన్ని మరి. వాటికి ముందునుంచీ వేరే సొంతదారులున్నారన్న సంగతి అంతవరకు తట్టలేదు.

మా పని రోగుల నమూనాల్లో ఏ క్రిములు పెరిగాయో చిన్న గాజు పళ్ళేల్లో చూసి రాయడం. రెండో నెలలో నేను ఒక పళ్ళెం పైపైన చూసి, రోజూ వచ్చే క్రిమే కదా అని అలవాటుగా రిపోర్ట్ రాసేశాను. నయోమి అది చదివి, నన్ను పిలిచి, అదే పళ్ళెం నా ముందు పెట్టింది. కేకలేయలేదు. "చూసింది రాయి. అనుకున్నది రాయకు," అంది. మళ్ళీ చూస్తే క్రిమి వేరు. నేను రాసింది వెళ్ళిపోయి ఉంటే ఎవరో ముసలాయనకి తప్పు మందు పడేది. ఆ రోజు మిగిలిన పళ్ళేలన్నీ రెండేసి సార్లు చూశాను.

అంత మంచి మనిషి యేసుని నమ్మక, రక్షణ లేకుండా పోతుందే అని నాకు నిజంగానే దిగులుగా ఉండేది. మా చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన గుంపు నన్ను ఊరికే ఉండనివ్వలేదు. చివరికి ఒక లంచ్‌లో ధైర్యం చేసి, బాధలు మోసిన సేవకుడి గురించి యేసుకి వందల ఏళ్ళ ముందే వాళ్ళ ప్రవక్త చెప్పిన అధ్యాయం ఫోన్‌లో తీసి ఆవిడ ముందు పెట్టాను. అది చదివితే ఆ సేవకుడు యేసేనని ఏ యూదుడైనా ఒప్పుకోవాల్సిందేనని మా నాన్నగారు ప్రసంగాల్లో చెప్పేవారు. నయోమి శ్రద్ధగా చదివింది. "దీనికి ముందున్న అధ్యాయాలు చదివావా?" అంది. లేదన్నాను. "అయితే నువ్వు రిపోర్ట్ మధ్యలోంచి చదువుతున్నావు."

వారం రోజులు లంచ్‌లో అవే చదివాం, ఆవిడ హీబ్రూలో, నేను తెలుగులో. ముందు అధ్యాయాల్లో ప్రవక్త ఆ సేవకుణ్ణి ఇశ్రాయేలు అనే పిలుస్తాడు. నా తెలుగులోనూ అలాగే ఉంది. చిన్నప్పటినుంచీ చదివిన పేజీలో నేను చూడనేలేదు. "మావాళ్ళు ఎక్కువమంది ఆ సేవకుడంటే మా జనమే అని చదువుతారు," అంది నయోమి. నేను వదల్లేదు, వాదించాను. ఆవిడకి అదే కావాలి. వాదించేవాళ్ళకే తన డబ్బాలోంచి పెట్టేది. అది వాళ్ళ పస్కా పండగ వారం. ఐగుప్తులో తమ పూర్వీకులు పడ్డ బానిసత్వపు చేదు మర్చిపోకూడదని తినే హార్స్‌రాడిష్‌ని ఆ వారమే మొదటిసారి రుచి చూశాను.

ఆఖరి రోజు సూటిగా అడిగేశాను. "అసలు యేసు మీకెవరు?"

"నిజం చెప్పనా? మేం ఆయన గురించి పెద్దగా ఆలోచించం. మా ప్రార్థనల్లో ఆయన లేడు. మా ఇంట్లో పుట్టాడు, మా ధర్మశాస్త్రం చదివాడు, రోమా వాళ్ళు మావాళ్ళని వేలమందిని చంపినట్టే ఆయన్నీ చంపారు. కానీ మనిషి దేవుడవడం మాకు కుదరదు, దేవుడు ఒక్కడే. మెస్సీయ అంటావా, దేవుడు పంపుతానన్న ఆయనొస్తే యుద్ధాలు ఆగాలి. ఆగలేదు. అందుకని ఇంకా ఎదురుచూస్తున్నాం. ఇంకో యూదుణ్ణి అడుగు, మంచి బోధకుడంటాడు. మరొకరు ఆ పేరే ఇంట్లో ఎత్తనివ్వరు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి."

నా మనసు చివుక్కుమంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో. నాకు ఊపిరైనవాడు వాళ్ళకి ప్రస్తావన కూడా కాదు. ఆ 'కారణాలు' ఏమిటని అడగాలని మాత్రం అప్పుడు తోచలేదు.

మరుసటి ఏడాది మార్చిలో ఆవిణ్ణి మా నాటకానికి పిలిచాను. యేసుని సిలువ వేసిన శుభ శుక్రవారం ఇక్కడ ఎవరికీ సెలవుండదు కాబట్టి, ఒక అమెరికన్ చర్చిని మధ్యాహ్నానికి అద్దెకి తీసుకుని దానికి ముందొచ్చే మట్టల ఆదివారం నాడే పిల్లలతో సిలువ నాటకం వేయిస్తాం. రాసేది, నేర్పేది నేనే. నయోమి మంచి కోటు వేసుకుని వచ్చి మూడో వరుసలో కూర్చుంది. పిల్లలు బ్రహ్మాండంగా చేశారు. గుంపు వేషం వేసినవాళ్ళయితే దూది గడ్డాలు ఊడిపోయేలా "సిలువ వేయండి" అని అరిచారు. నేను తెర పక్కన మురిసిపోతున్నాను.

అయిపోయాక ఎనిమిదేళ్ళ మా షారోన్ ఆ గడ్డంతోనే ఆవిడ దగ్గరికి పరిగెత్తింది. "మిస్ నయోమి, మీరు జ్యూ కదా. మరి మీరు జీసస్‌ని ఎందుకు చంపారు?" అని ఇంగ్లీషులో అడిగింది. పెంకితనం కాదు, తెలుసుకోవాలనే. నయోమి వంగి, "నేనెవర్నీ చంపలేదమ్మా. ఆ మాట నీకెవరు నేర్పారు?" అంది.

"మమ్మీ. ప్లే రాసింది మమ్మీయే కదా," అని నన్ను చూపించింది.

సిగ్గుతో చచ్చిపోయాను. నయోమి నా చెయ్యి నొక్కి, కారెక్కి వెళ్ళిపోయింది. సోమవారం నేను క్షమాపణ మొదలుపెట్టేలోపే ఆపింది. "తెలుగు నాకు ఒక్క ముక్క రాదు. కానీ బట్టలు అర్థమవుతాయి. గడ్డాలు, మావాళ్ళు ప్రార్థనలో కప్పుకునే చారల శాలువాలు గుంపుకే ఉన్నాయి. యేసుకి, వాళ్ళమ్మకి, శిష్యులకి శుభ్రమైన తెల్ల అంగీలు. వాళ్ళు మాత్రం యూదులు కారా ఎస్తేరు?" ఆ తర్వాత వాళ్ళ నాన్న గురించి చెప్పింది. పోలండ్‌లో ఆయన చిన్నప్పుడు, ఈస్టర్ వారం వస్తే ఇంటి తలుపులు గడియ పెట్టుకుని కూర్చునేవారట. చర్చిలో సిలువ కథ విని బయటికొచ్చిన కుర్రాళ్ళు రాళ్ళు తెచ్చేవారట. "రాళ్ళేసినవాళ్ళు కూడా నీ కూతురిలాంటి మంచి పిల్లలే," అంది నయోమి.

ఇక ఆ నాటకం అలా ఉండనివ్వకూడదని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. రాసిన చెయ్యి నాది, మార్చాల్సిందీ నేనే.

కొత్త ప్రతి రాసి ముందు ఆవిడకే ఇంగ్లీషులో చదివి వినిపించాను. గుంపులో అందరూ ఏడుస్తున్నారు, అందరూ మంచివాళ్ళే. నయోమి విసుక్కుంది. "ఇప్పుడు మమ్మల్ని దేవతల్ని చేశావు. గుంపులో కోపమున్నవాళ్ళు ఉండరా? ఊరు ఊరంతా ఒకే మాట మీద ఉంటుందా? మళ్ళీ రాయి." మూడుసార్లు రాశాను. చివరికి అందరికీ అవే శాలువాలు, యేసుకి కూడా. అరిచేవాళ్ళు కొందరు, ఏడ్చేవాళ్ళు కొందరు, భయపడి ఇంటికి పోయేవాళ్ళు కొందరు. తీర్పు చెప్పేది రోమా అధికారి, మేకులు కొట్టేది వాడి సైనికులు.

మా చర్చి పెద్ద సామ్యూల్ అంకుల్, రిటైరైన డాక్టర్, కాగితాలు బల్ల మీద పెట్టి, "వాక్యంలో ఉన్నదే కదమ్మా మనం చూపించేది. ఒక్క ఆఫీస్ ఫ్రెండ్ కోసం అంతా చేంజ్ చేస్తామా?" అన్నారు.

"ఆవిడ కోసం కాదంకుల్. షారోన్ కోసం. పాతదే వేయాలంటే నేను చేయించను."

"అయితే వేరేవాళ్ళకి ఇస్తాం," అన్నారు. ఇచ్చారు కూడా. మరుసటి ఏడు పాత నాటకమే వేశారు. నేను షారోన్‌ని తీసుకుని వెనక వరసలో కూర్చున్నాను. కొందరు నాతో మాట్లాడటం మానేశారు. రాత్రి ఏడ్చాను గానీ తెల్లారి మళ్ళీ కమిటీకి ఈమెయిల్ పెట్టాను. ఆపైన ప్రతి నెలా పెట్టాను. రెండో ఏడు, చేయించేవాళ్ళు దొరకకో, నా పోరు పడలేకో, నాటకాన్ని నా చేతిలో పెట్టారు. కొత్తదే వేయించాను. గెలిచానని చెప్పుకునేంత గొప్ప సంగతేం కాదు.

ఈ మధ్యలో ఒకసారి నయోమి, "నాకోసం ప్రార్థిస్తావు కదూ? ఏమని?" అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. మీరు ఆయన్ని తెలుసుకోవాలని, అన్నాను. ఆవిడకి కోపం రాలేదు. "ఆయన మా ఇంటి పిల్లాడు, నాకు తెలుసు. నువ్వు ఆయన పెరిగిన ఇంటిని, వాళ్ళ అమ్మ వంటింటిని తెలుసుకో," అంది.

రిటైరైన రెండేళ్ళకి నయోమి పోయింది. చివరిదాకా ఆవిడ నమ్మకం ఆవిడదే, నాది నాదే. సమాధి దగ్గర వచ్చినవాళ్ళంతా మట్టి వేస్తారు. మొదటిసారి పారని తిరగేసి, దాని వీపు మీదుగా వేయాలట, వదిలిపెట్టడం ఇష్టం లేదని తెలిసేలా. నేనూ వేశాను, షారోన్ కూడా వేసింది. తర్వాత వాళ్ళ తమ్ముడు దేవుణ్ణి స్తుతించే ప్రార్థన ఒకటి చదివాడు. ఏ భాష అని పక్కావిణ్ణి అడిగితే, అరామిక్ అంది. యేసు ఇంట్లో మాట్లాడిన భాష. పుట్టినప్పటినుంచీ ఆయన్ని పిలుస్తూ బతికినదాన్ని, ఆయన మాతృభాషలో ఒక ప్రార్థన మొత్తం నా చెవిన పడటం అదే మొదటిసారి. మట్టి చేతులతోనే నిలబడి ఏడ్చాను.

ఆవిడ ఇప్పుడెక్కడ ఉందనుకుంటున్నావని సామ్యూల్ అంకుల్ ఒకసారి మెత్తగానే అడిగారు. ఆ తీర్పు నా చేతుల్లో లేదంకుల్, అన్నాను. నా చేతుల్లో ఉన్నది ఆ నాటకం ఒక్కటే. దాన్ని మాత్రం వదలను.